కొత్తగా కుట్టించుకున్న చెవి, ముక్కు, చేతి మీద టాటూ: మానేదాకా ఏం చేయాలి, ఏం చేయకూడదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీది అనంతపురం, డిగ్రీ చదువుతున్నారు. పది రోజుల కింద ఒకేరోజు ముక్కు, ఎడమ చెవి పైభాగం కుట్టించుకున్నారు, ముంజేతి మీద చిన్న టాటూ కూడా వేయించుకున్నారు. ఇప్పుడు చెవి కుట్టు చుట్టూ కొంచెం ఎర్రగా ఉంది, పసుపు రంగు పక్కు కడుతోంది. టాటూ పొట్టు రాలుతోంది, దురదగా ఉంది. అమ్మ పసుపూ కొబ్బరినూనే పెట్టమంటున్నారు, స్నేహితురాలు స్పిరిట్‌తో తుడవమంటోంది, మెడికల్ షాపులో ఏదో ట్యూబ్ ఇచ్చారు. వచ్చే నెల అక్క పెళ్లి. అప్పటికి చీరకు తగ్గట్టు వేరేవి మార్చుకోవచ్చా, లేకపోతే ఇప్పుడే అన్నీ తీసేయడం మంచిదా అని టెన్షన్ పడుతున్నారు. జూన్‌లో కాలేజీ రక్తదాన శిబిరం గురించి కూడా చివర్లో ఒక మాట అడిగారు.

సూటిగా చెప్తానమ్మా. తీయకండి, తిప్పకండి, మార్చకండి. పసుపు వద్దు, స్పిరిట్ వద్దు, ఆ ట్యూబూ వద్దు. చెవినీ ముక్కునూ రోజుకు రెండుసార్లు సెలైన్‌తో కడిగి తడి అద్దుకోండి, మిగతా సమయమంతా చెయ్యి పెట్టకుండా వదిలేయండి. టాటూను రోజుకు రెండుసార్లు వాసన లేని సబ్బుతో మెల్లగా కడిగి, పల్చగా మాయిశ్చరైజర్ రాయండి. మీరు రాసిన లక్షణాలన్నీ పదో రోజుకు మామూలుగా ఉండేవే. పెళ్లికి మాత్రం ఇప్పుడున్నవే ఉంచుకోవాలి, ఆ ఒక్కటీ మీకు నచ్చకపోవచ్చు.

నేను డాక్టర్ని కాను. మాది కంసాలి కుటుంబం. మా నాయన చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు చెవులు కుట్టేవాడు. నేను బెంగళూరులో టాటూ, పియర్సింగ్ పని నేర్చుకుని వచ్చి పదిహేడేళ్లుగా ఇక్కడే చేస్తున్నాను. కుట్టడం రెండు నిమిషాల పని. ఆ తర్వాత నెలల తరబడి వాళ్లు ఫోన్ చేసి అడిగేవాటికి జవాబు చెప్పడమే నా అసలు పని. మీ చెవిని నేను చూడలేదు కాబట్టి ముందు ఇవి చదివి, అద్దం ముందు నిలబడి ఒకసారి చూసుకోండి.

ఈ గుర్తుల్లో ఒక్కటి ఉన్నా ఈరోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎర్రదనం రోజురోజుకూ పక్కకు పాకడం. తగ్గిపోయిన నొప్పి మళ్లీ మొదలై, రాత్రిళ్లు నిద్ర పట్టనంతగా సలపడం. చిక్కటి చీము, అందులోనూ ఆకుపచ్చగా ఉండటం లేదా వాసన రావడం. చలీ జ్వరమూ రావడం. టాటూ దగ్గర్నుంచి మోచేతి వైపు ఎర్రటి గీత పాకడం, చంకలో బిళ్ల కట్టడం. చెవి విషయంలో ఇంకొకటి ఉంది, ఇది చాలామందికి తెలియదు: కింద తమ్మె మామూలుగానే ఉండి, పైభాగం మాత్రం ఎర్రగా ఉబ్బి, చెవి మడతలు పూడుకుపోయినట్టు కనిపిస్తే ఒక్క రాత్రి కూడా ఆగొద్దు. ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి, లేదంటే పెద్దాసుపత్రిలో ఈఎన్‌టీ విభాగానికి వెళ్లండి. అప్పుడు కూడా చెవికి వేసిన కడ్డీ మీరై మీరు పీకేయకూడదు. పైన రంధ్రం మూసుకుపోయి లోపల చీము ఉండిపోయే ప్రమాదం ఉంది. తీయాలా వద్దా అన్నది డాక్టరు చూసి చెప్పాలి.

అవేవీ లేకపోతే స్థిమితంగా కూర్చుని మిగతాది చదవండి.

మీరు చీము అనుకుని భయపడుతున్న ఆ పసుపు రంగు పదార్థం దాదాపుగా రసి అయ్యుంటుంది. గాయం మానేటప్పుడు ఒంట్లోంచి పల్చటి నీరులాంటిది ఊరుతుంది. అది గాలికి ఆరి, కడ్డీ చుట్టూ లేత పసుపు రంగులో తుమ్మబంక ముక్కలా గట్టిపడుతుంది. చీమైతే గట్టిపడకముందే చిక్కగా, తెల్లగానో పచ్చగానో కారుతుంది, నొక్కకుండానే నొప్పి పెడుతుంది. ఆ బంకలాంటి పక్కును గోటితో గిల్లి లాగితే కింద అప్పుడే పుట్టిన చర్మం కూడా దాంతోనే ఊడి వస్తుంది. మళ్లీ రసి ఊరుతుంది, మళ్లీ పక్కు కడుతుంది. ఇలా గిల్లుతూ మూడు నెలలు గడిపినవాళ్లను చూశాను.

సెలైన్ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. మెడికల్ షాపుకు వెళ్లి నార్మల్ సెలైన్, 100 ఎంఎల్ సీసా అడగండి. సీసా మీద సోడియం క్లోరైడ్ 0.9 శాతం అని ఉండాలి. 'డీఎన్ఎస్' అని ఉన్నది ఇస్తే వద్దని చెప్పండి. అందులో గ్లూకోజు కూడా ఉంటుంది, చక్కెర నీళ్లతో పుండు కడిగితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. దాంతోపాటు సూది లేకుండా 5 ఎంఎల్ సిరంజి ఒకటి, గాజుగుడ్డ ప్యాకెట్ ఒకటి తీసుకోండి. అన్నీ కలిపినా పెద్ద ఖర్చు కాదు.

చేతులు సబ్బుతో కడుక్కోండి. కావలసినంత సెలైన్ సిరంజిలోకి తీసుకుని, దాంతో గాజుగుడ్డ ముక్క తడిపి చెవి ముందూ వెనకా ఆనించి రెండు మూడు నిమిషాలు ఉంచండి. పక్కు మెత్తబడుతుంది. అప్పుడు సిరంజితో ముందు నుంచి, వెనక నుంచి మెల్లగా చిమ్మితే ఊడేది ఊడిపోతుంది. ఊడనిది అలాగే ఉండనివ్వండి, రేపు ఊడుతుంది. తర్వాత పొడి గాజుగుడ్డతో అద్దండి. దూది వాడకండి, పోగులు కడ్డీకి చుట్టుకుంటాయి. ఇంట్లో తువ్వాలు అసలే వద్దు. దాని దారాలు కడ్డీకి తగులుకుని లాగేస్తాయి, ఆ నొప్పి పడినవాళ్లు జన్మలో మరిచిపోరు. మూత తీసిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు మిగిలింది పారబోయండి. వారం రోజులు వాడితే అందులోనే సూక్ష్మజీవులు పెరుగుతాయి.

సీసా దొరక్కపోతే ఒక గ్లాసు నీళ్లు, అంటే 250 ఎంఎల్, బాగా మరిగించి చల్లార్చి, అందులో అయోడిన్ కలపని ఉప్పు పావు టీస్పూన్ వేయండి. అంతకు మించి వద్దు. ఉప్పు ఎక్కువైతే తొందరగా మానుతుందని గుప్పెడు వేసి, ముక్కురెక్క చుట్టూ చర్మం పగిలిపోయేలా చేసుకున్న అబ్బాయి ఒకడు మొన్ననే వచ్చాడు. రోజుకు రెండుసార్లు చాలు, ఐదారుసార్లు కడిగినా చెడే జరుగుతుంది.

మన బోరు నీళ్ల గురించి కూడా ఒక మాట. బకెట్లకు, కుళాయిలకు తెల్లగా ఉప్పు పేరుకునే నీళ్లు మనవి. ఆ నీళ్లతో తలస్నానం చేస్తే ప్రమాదమేమీ లేదు గానీ, అవి ఆరిపోయాక కడ్డీ చుట్టూ గరుకుగా మిగులుతాయి. స్నానం అయ్యాక చివర్లో చెవికీ ముక్కుకూ సెలైన్ కడుగుడు పెట్టుకోండి, సరిపోతుంది. షాంపూ నురగ కూడా అప్పుడే పోతుంది.

ఇప్పుడు అమ్మగారి పసుపు. దయచేసి ఆమెతో గొడవ పడకండి, ఆమె చెప్పింది ఊరికే పుట్టిన మాట కాదు. పసుపుకు సూక్ష్మజీవులను అడ్డుకునే గుణం ఉంది. మా నాయన కూడా చెవి కుట్టగానే పసుపూ నూనే రాసేవాడు. కానీ అప్పటిది తమ్మె కుట్టు. తమ్మె అంటే మెత్తటి కండ, రక్తం బాగా ఆడుతుంది, ఏం పెట్టినా పెట్టకపోయినా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానిపోతుంది. మీది చెవి పైన గట్టి భాగం. ఆ సన్నటి రంధ్రంలోకి వంటింటి పసుపు పొడి రేణువులు పోయి కూర్చుంటే ఒళ్లు వాటిని ముల్లులా భావించి బయటికి నెట్టాలని చూస్తుంది, వాపు తగ్గదు. డబ్బాలో ఉన్న పసుపు శుభ్రమైనదని కూడా చెప్పలేం. పైగా చర్మమంతా పసుపు రంగు అంటుకుంటే ఎర్రదనం పెరుగుతోందా తగ్గుతోందా అన్నది మీకు గానీ డాక్టరుకు గానీ కనిపించదు. కొబ్బరినూనె రాస్తే మన ఎండాకాలం దుమ్మంతా దానికే అంటుకుంటుంది. పూర్తిగా మానిన టాటూకు కొబ్బరినూనె నిక్షేపంగా రాసుకోవచ్చు, మానని రంధ్రానికి వద్దు.

స్పిరిట్, డెటాల్, బుడగలు వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్, రోజూ బెటాడిన్ రాయడం, ఇవన్నీ ఒక కోవకు చెందినవి. క్రిములతోపాటు గాయాన్ని పూడ్చడానికి పుట్టే కొత్త కణాలను కూడా చంపుతాయి. మండితే మందు పనిచేస్తున్నట్టు అనుకుంటాం గానీ ఇక్కడ మంట అంటే నష్టమే.

ఇక ఆ ట్యూబ్. దాని మీద చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటాసాల్, బీటామెథాసోన్ లాంటి పేర్లు కనిపిస్తే అది స్టెరాయిడ్ కలిసినది. మన దగ్గర గజ్జికి, తామరకు, మొటిమలకు, దేనికి అడిగినా కొన్ని షాపుల్లో అలాంటిదే చేతిలో పెడతారు. రాసిన రెండు రోజులు ఎర్రదనం మాయమవుతుంది, అందుకే జనం నమ్ముతారు. కానీ అది ఒంటి రక్షణ శక్తిని అక్కడ తగ్గిస్తుంది. లోపల ఇన్‌ఫెక్షన్ ఉంటే కప్పిపెట్టి పెంచుతుంది. స్టెరాయిడ్ లేని ఆయింట్‌మెంట్ అయినా రంధ్రానికి జిడ్డుమూతలా పడి రసిని బయటికి రానివ్వదు. డాక్టరు చూసి రాసిస్తే వాడండి, షాపువాడు ఇచ్చాడని వాడకండి.

తిప్పడం గురించి. "రోజూ కొంచెం తిప్పుతూ ఉండమ్మా, లేకపోతే అతుక్కుపోతుంది" అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మా నాయన కూడా అందరికీ చెప్పేవాడు. పని నేర్చుకున్నాక అది తప్పని నాకు తెలిసింది, ఆయనతో చెప్పడానికి చాలాకాలం పట్టింది. రంధ్రం లోపల చర్మం రెండు చివర్ల నుంచీ లోపలికి పాకుతూ, కడ్డీ చుట్టూ సన్నటి గొట్టంలా ఏర్పడుతుంది. బయట మానినట్టు కనిపించినా మధ్యలో ఇంకా పచ్చిగానే ఉంటుంది. తిప్పిన ప్రతిసారీ ఆ గొట్టం లోపలి పొర చిరుగుతుంది, బయట ఎండిన పక్కు ముక్క రంపంలా లోపలికి పోతుంది. చర్మం లోహానికి అతుక్కోదు. అతుక్కున్నట్టు అనిపించేది ఆ బంకే, సెలైన్‌కు కరిగిపోతుంది.

అందుకే కుట్టిన చోటును బట్టి గడువులు వేరుగా ఉంటాయి. తమ్మెకు ఆరు నుంచి ఎనిమిది వారాలు అని చెప్పాను కదా. ముక్కురెక్కకు నాలుగు నుంచి ఆరు నెలలు. చెవి పైభాగానికి ఆరు నెలల నుంచి ఏడాది. పది రోజులంటే మీరు ఇంకా వాకిట్లోనే ఉన్నారు.

చెవి పైభాగం అంటే ఎందుకింత పట్టుగా మాట్లాడుతున్నానో చెప్పాలి. పని మొదలుపెట్టిన మొదటి రోజుల్లో నా దగ్గర కుట్టే గన్ను ఉండేది. అందరి దగ్గరా అదే ఉండేది, టక్కుమని ఒక్క క్షణంలో అయిపోయేది. ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె వస్తే దాంతోనే చెవి పైన కుట్టాను. గన్నులో ఉండేది పదునైన సూది కాదు, కమ్మ మొనే. దాన్ని స్ప్రింగు బలంతో చెవిలోకి కొడుతుంది. కండలో అయితే ఎలాగో సర్దుకుంటుంది, గట్టి భాగంలో అది లోపలంతా నలగ్గొడుతుంది. గన్ను ప్లాస్టిక్‌ది కాబట్టి ఆవిరి యంత్రంలో పెట్టి శుభ్రం చేయడమూ కుదరదు.

నాలుగో రోజు ఆ పిల్ల నొప్పి అని ఫోన్ చేసింది. వేడినీళ్ల కాపడం పెట్టమన్నాను. మెడికల్ షాపులో అమోక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ తెచ్చుకుని మూడు రోజులు వేసుకుందట. వారానికి వాళ్ల నాయన బండి మీద తీసుకొచ్చాడు. చెవి పైభాగం ఉడికించిన మిరపపండులా ఎర్రగా, నున్నగా ఉబ్బిపోయి ఉంది, మడతలేవీ కనిపించలేదు. తమ్మె మాత్రం మామూలుగా ఉంది. ఆసుపత్రిలో చేర్చి కోసి చీము తీశారు. ప్రాణానికి ఏమీ కాలేదు గానీ చెవి పైన అంచు ముడుచుకుపోయింది. ఆ ముడత ఇప్పటికీ ఉంది. తప్పు నాది. ఆ గన్ను మళ్లీ ముట్టుకోలేదు.

అలా ఎందుకవుతుందో అప్పుడు ఆ ఈఎన్‌టీ డాక్టరు నాకు కూర్చోబెట్టి చెప్పారు. ఆ గట్టి భాగానికి సొంతంగా రక్తనాళాలు ఉండవు, పైన అంటుకుని ఉన్న సన్నటి పొర నుంచే దానికి తిండి అందుతుంది. మధ్యలో చీము చేరి పొర విడిపోయిందంటే గట్టి భాగం ఆకలితో చచ్చిపోతుంది, కరిగిపోతుంది. మళ్లీ పుట్టదు. ఇక్కడ ఎక్కువగా చేరే సూక్ష్మజీవి స్యూడోమోనాస్ అనేది. తడి, నీళ్లు ఉన్నచోట బతుకుతుంది, దానికి అమోక్సిసిలిన్ పనిచేయదు. అందుకే చెవి పైభాగం ఉబ్బితే షాపులో బిళ్లలు తెచ్చుకుని రెండు రోజులు చూద్దాం అనుకోకూడదు. మీకు గన్నుతో కుట్టారా, లోపల బోలుగా ఉండే సూదితోనా అన్నది మీరు రాయలేదు. గన్నుతో అయితే భయపడకండి, పది రోజులు గడిచాయి కాబట్టి కొంత గండం గడిచినట్టే. కానీ ఇంకో నెల కన్నేసి ఉంచండి.

మన ఊళ్లో ఇన్‌ఫెక్షన్‌కన్నా ఎక్కువగా చెవులను పాడుచేసేది రాపిడి. మధ్యాహ్నం క్లాక్ టవర్ దగ్గర నిలబడి చూడండి, స్కూటీ మీద పోయే ప్రతి అమ్మాయీ ఎండకు చున్నీని ముఖం చుట్టూ, చెవుల మీదుగా బిగించి కట్టుకునే ఉంటుంది. విప్పేటప్పుడు ఆ చున్నీ పోగు ముక్కుపుడకకూ చెవికీ తగులుకుంటుంది. నా దగ్గరికి 'ఒక్కసారిగా వాచింది' అని వచ్చేవాళ్లలో సగంమందికి కారణం ఇదే. మీరు చున్నీ బదులు పల్చటి కాటన్ టోపీ వేసుకుని దాని మీద హెల్మెట్ పెట్టుకోండి. హెల్మెట్ మానమని చెప్పను. రెండు పక్కలా పట్టీలు బయటికి లాగి వెడల్పు చేసి, నిటారుగా దించండి, నిటారుగా తీయండి.

పడుకోవడం కుడివైపుకు తిరిగి. నిద్రలో ఎడమకు తిరిగే అలవాటుంటే బస్సు ప్రయాణాల్లో వాడే మెడ దిండు తీసుకుని, చెవి ఆ ఖాళీలో ఉండేలా పడుకోండి. దిండు మీద రోజూ ఉతికిన పాత కాటన్ బట్ట పరచండి. ఫోన్ కుడి చెవికి. తలకు నూనె పెట్టేటప్పుడు ఎడమ చెవి పక్కకు రానివ్వకండి. కూలరు గాలికి పడుకున్నా చెమట పడుతుంది, చెమట పట్టిందని ప్రతిసారీ తుడవకండి, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి కడగడమే సరిపోతుంది.

పెళ్లి సంగతి. నెలకే మారిస్తే ఏమవుతుందో చెప్తాను. పాతది బయటికి వచ్చేటప్పుడు లోపలి పచ్చి పొర చిరుగుతుంది. కొత్తది దూరదు. ముక్కుదైతే నిమిషాల్లోనే బిగుసుకుపోతుంది. బలవంతంగా గుచ్చితే పక్కన ఇంకో దారి పడుతుంది. రెండు వారాల తర్వాత అక్కడ ఎర్రటి బొడిపె లేస్తుంది, ఫోటోల కోసం చేసింది ఆర్నెల్లు ఏడిపిస్తుంది. దానికి బదులు ఇప్పుడున్నవే ఉంచుకుని, ముక్కుకు ఇంకా ఏదైనా కావాలంటే కుట్టని వైపు నొక్కి పెట్టుకునే ముక్కుపుడక వాడండి. తమ్మెలకు మీ పాత రంధ్రాల్లో ఎంత పెద్ద బుట్టలైనా పెట్టుకోవచ్చు. కానీ ఎడమవైపు చంపస్వరాలూ మాటీలూ వద్దు. ఆ గొలుసు చెవి పైభాగాన్నే రాసుకుంటూ పోతుంది, బుట్ట బరువంతా దాని మీదే పడుతుంది. నలుగు పెట్టేటప్పుడు పెద్దవాళ్లకు ముందే చెప్పండి, మీ ముఖానికి పసుపు పూయడానికి సరదాగా నలుగురు ఎగబడతారు. మేకప్ చేసే ఆమెకు కూడా ముక్కు చుట్టూ కొద్దిగా వదిలేయమని చెప్పండి.

అప్పటికే బొడిపె లేచి ఉంటే సున్నం, టూత్‌పేస్టు పెట్టకండి. రాపిడి ఆపేస్తే కొన్ని వారాల్లో అదే అణుగుతుంది. అది కీలాయిడ్ కాదు. కీలాయిడ్ అంటే గాయం హద్దు దాటి గట్టిగా పెరుగుతూ పోయే గడ్డ, నెలల తర్వాత వస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా టీకా వేసిన చోటో, కాలిన చోటో అలాంటివి ఉంటే మీకూ రావచ్చు, అప్పుడు చర్మ డాక్టరుకు ముందే చూపించుకోవడం మేలు.

కుట్టు చుట్టూ నొప్పి లేకుండా దురద ఒక్కటే ఎక్కువగా ఉండి, చెమ్మగా పొక్కులు వస్తుంటే అనుమానం లోహం మీద. చవక రకాల్లో నికెల్ ఉంటుంది, చాలామందికి అది పడదు. కొత్త కుట్టుకు ఇంప్లాంట్ రకం, అంటే ఆపరేషన్లలో ఒంటి లోపల అమర్చడానికి వాడే రకం టైటానియం మంచిది. మన 916 బంగారంలో 91.6 శాతం బంగారం, మిగతాది ఎక్కువగా రాగి, వెండి. మానినవాటికి భేషుగ్గా ఉంటుంది. మెత్తటి లోహం కాబట్టి గీతలు పడతాయి, పచ్చి కుట్టులో ఆ గీతలు గరుకుగా తగులుతాయి. మారుస్తానంటే కుట్టినవాళ్ల దగ్గరే, శుభ్రమైన పరికరాలతో మార్పించండి. వెనక మర మరీ బిగించి ఉందేమో కూడా చూసుకోండి. కదిరిలో పుట్టువెంట్రుకలు తీయించి అదే రోజు చెవులు కుట్టించిన పాపను ఒకసారి తీసుకొచ్చారు. వాపుకు చోటు లేకుండా బిగించడంతో మర తమ్మె లోపలికి పోయి, పైన చర్మం మూసుకుంది. డాక్టరు మత్తు ఇచ్చి తీయాల్సి వచ్చింది.

ఇక టాటూ. మీ మూడింటిలో తేలిగ్గా మానేది ఇదే. సూది పైచర్మం దాటి ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున రంగు వదులుతుంది. ఒంట్లోని రక్షణ కణాలు ఆ రంగును మింగి అక్కడే పట్టుకుని కూర్చుంటాయి, అందుకే అది ఉండిపోతుంది. పైచర్మం మాత్రం ఎండకు కమిలినట్టు పొట్టు రాలుతుంది. రంగు కూడా పొట్టులో వచ్చేస్తోందని కంగారు పడకండి. రెండు మూడు వారాలకు పైన మానుతుంది, లోపల పూర్తిగా కుదుటపడటానికి రెండు మూడు నెలలు. మధ్యలో కొన్నాళ్లు పాలపొర కప్పినట్టు మసగ్గా కనిపిస్తుంది, అదీ పోతుంది. దురదకు గోకొద్దు, అరచేత్తో మెల్లగా తట్టండి. మాయిశ్చరైజర్ రాసినట్టు తెలియనంత పల్చగా రాయాలి. వాజెలిన్ మందంగా పట్టిస్తే మన ఎండలకు చెమట కింద ఇరుక్కుని చెమటకాయల్లాంటివి లేస్తాయి.

మానేదాకా నేరుగా ఎండ తగలకూడదు. బండి మీద వెళ్లేటప్పుడు వదులుగా ఉండే పూర్తి చేతుల కాటన్ చొక్కా వేసుకోండి. సన్‌స్క్రీన్ ఇప్పుడే వద్దు, చర్మం పూర్తిగా మానాక ఎస్‌పీఎఫ్ 30కి తగ్గనిది రాయండి. ఈతలు మూడు నాలుగు వారాలు బంద్. హెచ్చెల్సీ కాలువలో నీళ్లొచ్చాయని ఆరో రోజే దూకిన కుర్రాడికి టాటూ మీద పుండ్లు పడ్డాయి. మానాక సింహం జూలు సగం కనిపించలేదు, మూడు నెలలు ఆగి మళ్లీ గీశాను. ఎరుపు రంగు వాడి ఉంటే ఒక్కటి గుర్తుంచుకోండి: ఎరుపు ఉన్నంతమేరే ఉబ్బి దురద పెడుతుంటే అది రంగు పడకపోవడం, నెలల తర్వాత కూడా రావచ్చు, చర్మ డాక్టరుకు చూపించాలి. పెళ్లిలో గోరింటాకు పెట్టుకునేటప్పుడు టాటూ మీదుగా వేయించకండి. నల్లగా పండే కోన్లు అసలు ఎక్కడా వద్దు. వాటిలో తలరంగులో వాడే పీపీడీ అనే రసాయనం కలిసే అవకాశం ఉంది, బొబ్బలు లేపుతుంది.

పథ్యం గురించి మీరు అడగలేదు గానీ ఇంట్లో ఈపాటికి మొదలయ్యే ఉంటుంది. వంకాయ నంజు, గుడ్డు నంజు, చీము పడుతుంది అని అన్నీ మాన్పిస్తారు. వంకాయ ఇష్టం లేకపోతే మానండి, నష్టం లేదు. గుడ్డు, పప్పు, శెనక్కాయలు, మాంసం మాత్రం మానకండి. గాయం పూడాలంటే ఒంటికి మాంసకృత్తులు కావాలి. నెలంతా చారన్నం తిని నీరసపడి, కుట్టు మానట్లేదని వచ్చినవాళ్లు నాకు తెలుసు. మీకు షుగరు ఉన్నా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా నేను చెప్పిన గడువులు మీకు వర్తించవు, మీ డాక్టరుకు చెప్పండి.

సూది సంగతి ఒకటి గుర్తు చేసుకోండి. మీ కళ్ల ముందే కొత్త ప్యాకెట్ చింపారా? రంగు చిన్న మూతల్లోకి విడిగా పోశారా, పెద్ద సీసాలోనే ముంచారా? జాతరల్లో ఒకే సూదితో పదిమందికి పచ్చబొట్లు పొడిచేవాళ్లు ఇంకా ఉన్నారు. అలా హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ ఒకరి నుంచి ఒకరికి అంటుకోవచ్చు. మీకు అనుమానం ఉంటే మొహమాటపడకండి, ప్రభుత్వాసుపత్రిలో ఐసీటీసీ, అంటే హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రం ఉంటుంది, హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు బయటికి చెప్పరు. ఎన్నాళ్లకు మళ్లీ చేయించుకోవాలో వాళ్లే చెప్తారు, హెపటైటిస్ గురించి కూడా అక్కడే డాక్టర్ని అడగండి. ధనుర్వాతం టీకా పడి పదేళ్లు దాటి ఉంటే అదీ వేయించుకోండి.

ఇలాగే జరిగితే ఆరో వారం నుంచి ఎనిమిదో వారం మధ్యలో ఒకసారి కుట్టినవాళ్ల దగ్గరికి వెళ్లండి. వాపు కోసం మొదట పొడవాటి కడ్డీ వేస్తారు, వాపు తగ్గాక అదే ఊగుతూ గుచ్చుకుంటుంది. వాళ్లు చూసి పొట్టిది వేస్తారు. అది ఫ్యాషన్ కోసం మార్చడం కాదు, కాబట్టి పైన చెప్పినదానికి విరుద్ధం అనుకోకండి. టాటూలో ఎక్కడైనా గీత తెగినట్టుంటే సరిచేయించుకోవడానికి కూడా అదే సమయం.

రక్తదానం మాత్రం ఈసారి కుదరదమ్మా. టాటూ గానీ కుట్టు గానీ అయినప్పటి నుంచి పన్నెండు నెలలు ఆగాలి. శిబిరంలో ఇచ్చే ఫారంలో ఈ ప్రశ్న ఉంటుంది, ఉన్నదున్నట్టు రాయండి. వచ్చే ఏడాది శిబిరానికి మీరు నిశ్చింతగా ఇవ్వొచ్చు. వీలైతే చెవి ఫోటో రెండు తీసి పెట్టండి, ఒకటి పక్క నుంచి, ఒకటి వెనక నుంచి, పగటి వెలుతురులో. చూసి చెప్తాను.